కంప కొట్టేస్తే పాత బీడు తిరిగొస్తుందా?

బీడుచేను · జూన్ 2

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఇక్కడ రాయడం ఇదే మొదలు.

మాది కమలాపురం దగ్గర పల్లె. ఊరికి పడమర నాలుగున్నర ఎకరాల మెట్ట ఉంది. బోరు ఎండిపోయినాక నాయన సేద్యం వదిలేసినాడు, పదహారేండ్లయింది. మొదటి రెండేండ్లు పల్లేరు, వెంపలి, తుత్తురుబెండ. తర్వాత తంగేడు, అక్కడక్కడ రేగు. కాలేజీ సెలవులకు ఊరికి పోతే తెల్లారకముందే కౌజు పిట్టలు చేలో నుంచి ఒకటే అరుపు. ఇప్పుడు చూస్తే మొత్తం సర్కారు కంప. మనిషి దూరే సందు లేదు. కింద నేల కసవు ఊడ్చినట్టు ఉంటుంది, గరిక పోచ కూడా కనపడదు.

అన్న జేసీబీ పెట్టి పెరికించి వదిలేద్దాం అంటున్నాడు. "ఒకప్పుడు గడ్డి ఉండె కదా, అడ్డం తీసేస్తే అదే వస్తుంది" అని ఆయన లెక్క. నాకు అంత నమ్మకం లేదు. కంప పోతే పాత బీడు నిజంగా తిరిగొస్తుందా? వస్తే ఎన్నేండ్లకు? సేద్యం చేసే ఉద్దేశం ఇద్దరికీ లేదు, అది ముందే చెప్పేస్తున్నా.

పాత_మాస్టారు · జూన్ 2

బాబూ, ముప్పై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి. మీరు రాసిన పల్లేరు, తంగేడు, రేగు వరస నేను బోర్డు మీద గీసిన బొమ్మే. దున్నడం ఆపిన నేల మీదికి ముందు ఏడాది మొక్కలు వస్తాయి, వాటి వెనక పొదలు, వాటి వెనక చెట్లు. దీన్నే అనుక్రమం అంటాం. అమెరికాలో క్లెమెంట్స్ అనే ఆయన 1916లో దీని మీద లావుపాటి పుస్తకం రాశాడు. మొక్కల సమాజం ఒక ప్రాణి లాంటిదనీ, పుట్టి పెరిగి చివరికి ఒక చరమ దశకి చేరి అక్కడ స్థిరపడుతుందనీ ఆయన వాదన. మేమూ అదే చెప్పాం, పిల్లలూ అదే రాసి పాసయ్యారు.

మీ చేలో ఆ బండి మధ్య స్టేషన్లో ఆగిపోయింది. ఆపినవాడు పరాయివాడు. తమాషా ఏమిటంటే వాడు ఈ దేశంలో మొదట దిగింది మీ ఊరి పక్కనే. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్ 1876లో ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని పైకి రాశాడు. జమైకా నుంచి వచ్చిన గింజల్ని 1877లో నాటింది కమలాపురంలోనే! కరువు సీమలో వంటచెరకు ఉంటుందని వాళ్ళ ఆలోచన. సర్కారు వేసింది కాబట్టే సర్కారు తుమ్మ.

బీడుచేను · జూన్ 2

మాస్టారూ, ఇది నిజంగా తెలీదు. మా కమలాపురమేనా! అన్నకు చెప్తే "అయితే ఈ పాపం మనూరిదే" అని నవ్వుతున్నాడు.

బొగ్గుబట్టీ · జూన్ 3

అందరూ దాన్ని తిట్టేవాళ్ళే. కరువు ఏండ్లలో మా ఇంట్లో పొయ్యి వెలిగింది కంప మీదనే. కట్టె బరువుగా ఉంటాది, నిప్పు నిలుస్తాది. చేనులో పంట పోయినోడు కూడా కంప కొట్టి బట్టీ పెట్టి బిడ్డల్ని సదివించుకున్నాడు. తీసేయాల్నా వద్దా అనేది మీ ఇష్టం, ఊరికే దెయ్యం మాదిరి చూడొద్దండి.

మందగాడు · జూన్ 3

అన్నా, నీ చేన్లోకి కంప ఎట్లొచ్చిందో నేను చెప్తా, చదువుకున్నోళ్ళు ఎవరూ చెప్పరు. ఎనుములు, ఆవులు తెచ్చినాయి. ఎండాకాలం యాడా మేత ఉండదు, కంపకాయ మాత్రం పసుపుపచ్చగా రాలి తియ్యగా ఉంటాది. గొడ్లు కడుపు నిండా తింటాయి. గింజ అరగదు. పేడలో పడి వాన తగిలితే ఒక్కో పేడకడిలో గుప్పెడు మొలకలు. ఎరువు, తడి, గింజ మూడూ ఒకే తావ దొరికినాక మొలవకుండా ఎట్లుంటాది? ఆకు మాత్రం ఏ జీవమూ ముట్టదు, చేదు. కాయ తిని విత్తనం మోస్తారు, ఆకు తిని అదుపు చేసేవాళ్ళు లేరు. ఇదీ కత.

ఇంకోటి. వేరే మేత లేకుండా కాయలే తింటే ఆవులకు దవడ పడిపోతాది. నమలలేక చిక్కిపోతాయి. మా చిన్నాయన ఆవు అట్లనే పోయింది.

నువ్వు రేగు, తంగేడు అన్నావు కదా. తంగేడును గొర్రె, మేక ముట్టవు. దాని మొదట్లో రేగు మొలక దాక్కోని పెద్దదైతాది. బయట మొలిస్తే మా మేకలు ఉండనిస్తాయా?

పాత_మాస్టారు · జూన్ 3

మందగాడు గారూ, మీ చివరి రెండు ముక్కలు నేను క్లాసులో గంటసేపు చెప్పేవాణ్ణి. ఒక మొక్క ఇంకో మొక్కకి దాది అవుతుంది. పుస్తకాలన్నీ పోటీ గురించే మాట్లాడతాయి గానీ ఎండసీమలో మొలక బతకాలంటే ముందు కాస్త నీడ, కాస్త చాటు దొరకాలి.

ఎడారి_తెలుగు · జూన్ 4

దాది మొక్క అనే మాట చూసి ఆగలేకపోయా. నేనుండేది అరిజోనాలో, టుసాన్. ఇక్కడ మన కంపకి దగ్గరి చుట్టాలే సొంత చెట్లు, మెస్కీట్ అంటారు. ఇక్కడి ప్రసిద్ధ సగ్వారో బ్రహ్మజెముడు, సినిమాల్లో చేతులెత్తి నిలబడ్డట్టు కనిపిస్తుందే అది, పిల్లప్పుడు మెస్కీట్ లాంటి చెట్ల నీడలోనే బతుకుతుంది. నీడ లేకపోతే ఎండకో, చలికాలం మంచుకో పోతుంది. పెద్దయ్యాక కొన్నిచోట్ల ఆ దాది చెట్టు నీళ్ళే లాక్కుని దాన్నే ఎండగడుతుందట. కృతజ్ఞత లేని పెంపుడు కొడుకు!

వేర్ల సంగతి కూడా చెప్పాలి. టుసాన్ దగ్గర గని తవ్వుతుంటే 53 మీటర్ల లోతులో మెస్కీట్ వేర్లు కనిపించాయని 1960ల్లో రాశారు. మీ బోరు ఎండిపోయినా కంప పచ్చగా ఎందుకుంటుందో అర్థం చేసుకోండి.

ఇక్కడా గొడవ లేకపోలేదు. ఒకప్పటి గడ్డి మైదానాల్లోకి మెస్కీట్ పాకిపోయిందని పశువుల కాపర్లు వందేళ్ళుగా మొత్తుకుంటున్నారు. మరీ మేపేసి గడ్డి పలచబడటం, గడ్డికి అప్పుడప్పుడూ అంటుకునే మంటల్ని ఆపేయడం, గొడ్ల పొట్టలో గింజలు ప్రయాణం చేయడం కారణాలు. మందగాడు గారి కథే, ఇంగ్లీషులో.

బీడుచేను · జూన్ 4

అయితే నాకు ఒకటి అర్థం కాలేదు. అక్కడ పక్కమొక్కకు నీడనిచ్చే జాతి ఇక్కడ గరికను కూడా ఎందుకు ఉండనీయదు? చెట్టు గుణం మారిందా, నేల గుణమా?

పాత_మాస్టారు · జూన్ 5

మంచి ప్రశ్న. దీని మీద 2012లో ఒక పరిశోధన వచ్చింది. మన కంప సొంత ఇలాకా అయిన వెనిజులాలోనూ, ఉత్తర భారతంలోనూ చెట్టు కింద ఎన్ని రకాల మొక్కలున్నాయో, పక్కన ఆరుబయట ఎన్నున్నాయో లెక్కపెట్టారు. అక్కడ చెట్టు కింద మొక్కలకి నష్టం లేదు. ఇక్కడ అదే చెట్టు కింద సగానికి పైగా రకాలు మాయం. అసలు మజా తర్వాత ఉంది. అదే నేల మీద మన జమ్మి కింద చూస్తే బయటికంటే కాస్త ఎక్కువే ఉన్నాయి. రెండూ తుమ్మ కుటుంబానికి చెందినవే, రెండూ గాలిలోని నత్రజనిని నేలలో చేర్చేవే.

కారణం ఒక్కటని చెప్పలేం. కంప ఆకు రాలి కుళ్ళినప్పుడు వదిలే రసాయనాలు మన మొలకలకి పడవు. దాని ఊరి మొక్కలు వేల ఏళ్ళుగా ఆ విషానికి అలవాటుపడ్డాయి, మనవి నిన్నగాక మొన్న ఎదుర్కొన్నాయి. రెండోది, సొంత ఊళ్ళో దాని గింజల్ని తొలిచే పెంకుపురుగులున్నాయి. దక్షిణాఫ్రికా వాళ్ళు 1987లో ఆ పురుగుల్నే తెచ్చి వదిలారు, కానీ పురుగు గింజ దగ్గరికి చేరేలోపే గొడ్లు కాయని తినేస్తున్నాయి. మళ్ళీ మందగాడు గారి ఎనుములే.

చుట్టరికం కూడా ఈమధ్యే తెంచేశారు. 2022లో పేర్లు సవరించినప్పుడు జమ్మి పాత ప్రోసోపిస్ ఇంటిపేరుతోనే ఉండిపోయింది, కంపని నెల్టూమా అనే వేరే ఇంటికి పంపేశారు. దసరాకి పూజించే చెట్టుతో దానికి పోలిక తప్పిందని కొందరికి సంతోషం.

పాలపిట్ట · జూన్ 5

మాది మహబూబ్‌నగర్ దిక్కు. ఆదివారాలు పిట్టలు చూస్తా తిరుగుత. మా ఊరి చెరువు శిఖంల కంప మొత్తం ఒక్క దినంల జేసీబీతోని తీసేసిండ్రు. అందరం సంబురపడ్డం. వానకాలం వచ్చేసరికి ఏమైందనుకుంటున్రు? గడ్డి రాలే. వయ్యారిభామ కలుపు వచ్చింది, నడుం ఎత్తు, తెల్లపూలు. పక్కపొంటి కంప మోళ్ళకెళ్ళి ఒక్కోదానికి పది పిలకలు. ముందుగాల ఒక్క చెట్టుండె, ఇప్పుడు గుబురైంది.

ఇంకో బాధ కూడా ఉంది. ఆ కంప కొమ్మలకే గిజిగాని గూళ్ళు యాభై దాకా వేలాడుతుండె. కింద నీళ్ళు, పైన ముండ్లు, పాము ఎక్కాలన్నా కష్టం. ఈత చెట్లు కొట్టేసినంక అవి కంపను నమ్ముకున్నయి. ఇప్పుడు అదీ లేదు.

లెక్కలోడు · జూన్ 6

మర్యాద తప్పితే క్షమించండి. ఈ దారమంతా చదివితే నాకు కనిపిస్తున్నది బెంగ మాత్రమే. "పాత బీడు" అంటున్నారే, ఏ సంవత్సరపు బీడు? మీరు డిగ్రీ చదివినప్పటిదా? దానికి ముందు అది వేరుశనగ చేను. దానికి ముందు ఎవరో అడవి నరికితేనే కదా చేనైంది. ఆ అడవిలోనూ మందలు తిరిగాయి, మంటలు పెట్టారు. ఈ వరసలో మీకు నచ్చిన ఒక్క ఫొటో తీసుకుని ఇదే అసలు ప్రకృతి అంటే ఎట్లా?

మాస్టారు క్లెమెంట్స్ పేరు చెప్పారు, ఆయనతో విభేదించిన గ్లీసన్ పేరు చెప్పలేదు. 1926లోనే ఆయన, సమాజమూ లేదు ప్రాణీ లేదు, ఏ జాతి దారి దానిదేనన్నాడు. నా మాటల్లో చెప్పాలంటే బస్టాండులో జనం లాంటిది. ఒకే చోట నిలబడ్డారని అందరూ ఒకే ఊరికి పోరు. రేపు ఇదే బెంచీ మీద వేరేవాళ్ళు కూర్చుంటారు. కంప కూడా ఒక ప్రయాణికుడు. నూట యాభై ఏళ్ళుగా ఉన్నవాడిని ఇంకా పరాయివాడంటారా?

మందగాడు · జూన్ 6

బస్టాండులో ఒకడే అన్ని బెంచీల మీద కాళ్ళు చాపి పండుకోని ఇంకొకరిని కూర్చోనీకపోతే వాణ్ణి ప్రయాణికుడు అనరు సామీ, వేరే మాట ఉండాది.

పాత_మాస్టారు · జూన్ 6

నవ్వు ఆగలేదు. లెక్కలోడు గారు అన్నది మాత్రం కొట్టిపారేసేది కాదు. నేను గ్లీసన్ పేరు ఎత్తకపోవడం పాత అలవాటు. మా సిలబస్‌లో ఆయన ఒక్క పేరాలో అయిపోయేవాడు. ఇప్పుడు చదువుతుంటే ఇద్దరిలో ఆయనే నిజానికి దగ్గరున్నాడనిపిస్తుంది. అయినా పూర్తిగా కాదు. బస్టాండు జనం ఒకరినొకరు తినరు, ఒకరి పిల్లల్ని ఇంకొకరు మోయరు. ఇక్కడ తింటారు, మోస్తారు.

గోదారి_రైతు · జూన్ 7

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఒకరినొకరు తినడం గురించి కాబట్టి అడుగుతున్నాను. మా వరిలో సుడిదోమ కనబడగానే మందు కొట్టాను. పదిహేను రోజులకి ముందుకంటే ఎక్కువైంది. రెండోసారి కొట్టాను. చేను సుడులు సుడులుగా మాడిపోయింది. కొట్టని పక్కవాడి చేను బానే ఉందండి! నకిలీ మందంటారా?

పాత_మాస్టారు · జూన్ 7

మందు మంచిదైనా అలాగే జరగొచ్చు. దోమ గుడ్లు ఆకుతొడుగు లోపల దాక్కుని ఉంటాయి, మందు వాటికి అందదు. బయట తిరిగే సాలీళ్ళు, దోమ గుడ్లని పీల్చే మిరిడ్ నల్లులు చస్తాయి. వారానికి గుడ్లు పగిలి పిల్లలొచ్చేసరికి తినేవాడు లేడు. దోమ నెల తిరక్కుండా ఒక తరం దాటేస్తుంది, సాలీడు అంత తొందరగా పుంజుకోలేదు. ఇండోనేషియాలో ఇలాగే వరి తుడిచిపెట్టుకుపోతుంటే 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని ఒక్క ఉత్తర్వుతో నిషేధించింది. దోమ తగ్గింది, వరి దిగుబడి పడిపోలేదు. ఈసారి మందు కొట్టేముందు ఒక దుబ్బు తట్టి, దోమలెన్ని సాలీళ్ళెన్ని అని లెక్కపెట్టుకోండి.

నిర్వాహకుడు · జూన్ 7

సుడిదోమ చర్చకి వేరే దారం తెరిచాను, వరి రైతులు అక్కడికి రండి. ఇక్కడ కంప, బీడు మాత్రమే.

బీడుచేను · జూన్ 8

లెక్కలోడు గారి ప్రశ్న రాత్రంతా తిరిగింది. నిజమే, నాకు కావల్సింది ఏదో ఒక సంవత్సరం కాదు. గడ్డి ఉండాలి, పొద ఉండాలి, మధ్యలో నేల కనపడాలి, పిట్ట అరవాలి. అట్లాంటి తావు కావాలంటే ఏం చేయాలి అని అడిగి ఉండాల్సింది.

అన్న ఇప్పుడు ఇంకో మాట అంటున్నాడు. పెరికించినాక చుట్టూ ముళ్ళకంచె వేసి ఏ గొడ్డునూ రానీయకుండా చేస్తే బాగుపడుతుందని.

మందగాడు · జూన్ 8

ఇదిగో, అనుకున్నా. ఎప్పుడూ ఇంతే. నేల పాడైతే ముందు మా జీవాల మీదనే పడతారు. మా తావ ఒక గుట్టకు పదేండ్ల కిందట కంచె వేసి మమ్మల్ని ఎక్కనీకుండా చేసినారు. మొదటేడు గడ్డి మోకాలెత్తు. మూడో ఏడు ఎండుగడ్డి కింద పచ్చగడ్డి లేకుండా పోయింది. వేసవిలో అంటుకున్న మంట రెండు దినాలు మండింది. ఇప్పుడు పోయి చూడు, ఏముండాదో!

పాత_మాస్టారు · జూన్ 9

ఈయన కోపం వెనక పెద్ద చరిత్రే ఉంది. ఓపికగా చదవండి, కొంచెం పొడుగు.

రాజస్థాన్‌లో భరత్‌పూర్ పక్షుల నెలవు. లోతు లేని నీటి మడుగులు, శీతాకాలం వేలకు వేల బాతులు, సైబీరియా కొంగలు. చుట్టుపక్కల ఊళ్ళ గేదెలు తరతరాలుగా అందులో దిగి మేసేవి. పక్షుల తావులో గేదెలేమిటని 1982లో, జాతీయ ఉద్యానం చేసినప్పుడు, మేపు పూర్తిగా ఆపేశారు. ఊళ్ళు ఎదురుతిరిగాయి, పోలీసు కాల్పుల్లో గ్రామస్తులు చనిపోయారు. అంత మూల్యం చెల్లించాక పక్షులు పెరిగి ఉండాలి కదా?

నీటిగడ్డి పెరిగింది. గేదెలు మేసి అదుపులో పెట్టిన ఆ గడ్డి నీటి మీద చాపలా అల్లుకుపోయింది. బాతులకి పైన గడ్డి కమ్మని నీళ్ళు కావాలి, దిగడానికి చోటు చాలలేదు. కొంగలు బురదలో తుంగగడ్డలు తవ్వుకు తింటాయి, గడ్డి చాప కింద గడ్డలు అందలేదు. కుళ్ళే గడ్డితో నీరు చెడింది, మడుగులు పూడిపోసాగాయి. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళు 1980 నుంచి పదేళ్ళు అక్కడ పనిచేశారు. నిషేధానికి ముందూ తర్వాతా కూడా చూసినవాళ్ళు వాళ్ళే. మేపు ఆగాలని మొదట కోరినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. పదేళ్ళ తర్వాత, ఈ తావు నిలబడటంలో గేదె పాత్ర పెద్దదని రాసిందీ వాళ్ళే. ఆ నిజాయితీకి నాకు గౌరవం. తర్వాత ఊళ్ళవాళ్ళని గడ్డి కోసుకోనిచ్చారు.

సైబీరియా కొంగలు చివరిసారి అక్కడ కనిపించింది 2001-02 శీతాకాలం. దానికి గడ్డి ఒక్కటే కారణం కాదు, దారిపొడుగునా వేట, నీటి కరువు ఉన్నాయి. ఆ లెక్క గేదెల ఖాతాలోనో, కంచె ఖాతాలోనో మొత్తంగా వేయకూడదు.

ఇంకో సంగతి, భరత్‌పూర్‌లోకీ మన కంప చొరబడింది. దాన్ని చివరికి చుట్టుపక్కల ఊళ్ళ మనుషులతోనే వేళ్ళతో సహా తవ్వించారు, కట్టె వాళ్ళకే వదిలేశారు.

లెక్కలోడు · జూన్ 9

ఇది నా వాదనకి బలమే కదా మాస్టారూ. మీరు "సహజం" అనుకున్న మడుగు కూడా గేదె చేసిందే. ఇంకా చెప్పాలంటే ఆ మడుగు రాజులు వేట కోసం కట్టలు కట్టి నీళ్ళు మళ్ళించి చేయించింది.

పాత_మాస్టారు · జూన్ 9

అవును. ఒప్పుకున్నాను. అయినా ఎవరు ఎవరిని తింటున్నారో చూసుకోకుండా ఒకదాన్ని లాగేస్తే ఏమవుతుందో కూడా అదే చెప్పింది.

పాలపిట్ట · జూన్ 10

బీడుచేను గారూ, మీరు "పొద ఉండాలి, మధ్యలో నేల కనపడాలి" అన్నరు కదా. అది సదివితె నా పానం లేచొచ్చింది. మీ కడప జిల్లాలనే ఒక పిట్ట సరిగ్గ అదే కోరుకుంటది. కలివికోడి.

అందరికీ తెలువదేమో, చెప్త. చిన్న పిట్ట, పొడుగు కాళ్ళు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. రాత్రిపూట తిరుగుతది. 1848ల సైన్సు దానికి పేరు పెట్టింది. 1900 తర్వాత ఎవ్వరికీ కానరాలే, అంతరించిందనుకున్నరు. 1986 జనవరిల లంకమల దిక్కు మళ్ళా దొరికింది. పట్టింది ఎవరో పెద్ద శాస్త్రవేత్త కాదు, రాత్రి టార్చిలైటు పట్టుకొని తిరిగే ఊరి మనిషి. ఊరోళ్ళు దాన్ని కలివిపొదలల్ల తిరిగే కోడి అంటుండ్రి, పేరే జాడ చెప్తుండె! తర్వాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడ్డది.

దాన్ని చూసుడు కష్టం కాబట్టి శాస్త్రవేత్తలు మెత్తటి మన్ను పట్టీలు పరిచి పొద్దుగాల పాదముద్రలు వెతికిండ్రు. అట్ల లెక్క తీస్తే తేలింది ఇది. పొదలు మరీ దగ్గరైతే అది ఉండదు, మరీ పలచనైనా ఉండదు. నడుమ తీరున ఉండాలె. ఆ నడుమ తీరు ఎవరు పెట్టిండ్రు? మేకలు, కట్టెలు కొట్టుకునేటోళ్ళు. మేపు పూర్తిగా ఆపితే పొదలు కమ్ముకుంటయి. మేపు మరీ ఎక్కువైతే, ఇంకా ఘోరంగ జేసీబీతోని చదును చేస్తే, ఏమీ మిగలదు. తెలుగుగంగ కాలువ కూడా దాని తావులకెళ్ళే పోవాల్సి ఉండె, పిట్ట కోసం దారి మార్పించిండ్రు.

మీ నాలుగున్నర ఎకరాలల్ల కలివికోడి వస్తదని నేనంటలేను. కౌజు పిట్టకు కూడా కావాల్సింది ఇంచుమించు అదే తీరు. దాక్కునే పొద, ఉరికే జాగ, రెండూ పక్కపక్కన.

మందగాడు · జూన్ 10

అక్కా, కలివిపండ్లు మా నోట్లోకి, పేరు పిట్టకి. బాగుండాది. మేక తోటమాలి అని ఎవరన్నా రాసిండేది ఇదే మొదటిసారి చూడ్డం. మా నాయనకు సదివి వినిపించినా.

ఎడారి_తెలుగు · జూన్ 11

ఒక చిన్న మాట. కొట్టేసిన నేల మీదికి ఎవరు ముందు వస్తారన్నదే తర్వాత పదేళ్ళ కథ నిర్ణయిస్తుంది. పాలపిట్ట గారి చెరువులో వయ్యారిభామ ముందొచ్చింది, ఎందుకంటే దాని గింజలు అప్పటికే మట్టిలో, గాల్లో, జేసీబీ పళ్ళ సందుల్లో ఉన్నాయి. గడ్డి గింజ పదేళ్ళ కంప నీడ కింద మిగిలిందో లేదో ఎవరికి తెలుసు? అందుకని తవ్విన చోట అదే వారం గడ్డి గింజ చల్లండి. మీ పక్క బీళ్ళలో ఇంకా పాత గడ్డి ఉన్న గట్టు వెతికి అక్కడి గింజే ఏరుకురండి. బజారు గడ్డి వద్దు.

బొగ్గుబట్టీ · జూన్ 11

పని సంగతి నేను చెప్తా. కంప మొదలు నేల మట్టానికి కొడితే లాభం లేదు. నేల కింద జానెడు లోతులో బుడ్డ ఉంటాది, మొగ్గలన్నీ దాంట్లోనే. ఆ బుడ్డ తవ్వి తీయాల. తీస్తే చచ్చిపోతాది, లోతు వేర్ల జోలికి పోనక్కర్లేదు. జేసీబీ నేలంతా తిరగేస్తాది, పైమట్టి కిందికి పోతాది. మనుషుల్ని పెట్టు. కట్టె వాళ్ళకే ఇస్తానంటే కూలి కూడా తగ్గుతాది. గింజ మాత్రం మట్టిలో ఏండ్ల తరబడి ఉంటాది. వాన పడిన ప్రతిసారీ మొలకలు చేత్తో పీకాల. జానెడు లోపల ఉన్నప్పుడే పీకు, ముల్లు మెత్తగా ఉంటాది.

పాలపిట్ట · జూన్ 11

ఒక్కసారే అంతా తీయకుండ్రి. ఇప్పుడు దాంట్ల ఏమున్నయో చూసుకొని తీయుండ్రి.

బీడుచేను · జూన్ 14

అన్నకూ నాకూ మూడు దినాలు వాదన జరిగి చివరికి ఇట్లా ఒప్పుకున్నాం. చేను మూడు ముక్కలు. రోడ్డు పక్క ఎకరన్నర బుడ్డలతో సహా తవ్వించి గింజ చల్లి కంచె. మధ్య ఎకరన్నర కూడా తవ్వించి గింజ చల్లుతాం గానీ కంచె లేదు, వానాకాలం దాటినాక జీవాలు దిగొచ్చు, ఆవులూ ఎనుములూ వద్దు. వంక పక్క ఎకరన్నర కంప అట్లే ఉంటుంది. అన్న దాన్ని "నీ పిచ్చి ముక్క" అంటున్నాడు.

లెక్కలోడు · జూన్ 14

ఇది నాకు నచ్చింది. ఒక్కో ముక్కలో రెండు చదరపు మీటర్ల గళ్ళు పది గుర్తుపెట్టుకుని ఏ మొక్కలు ఎన్ని అని రాసుకోండి. ముందు రాసుకోకపోతే తర్వాత మీ జ్ఞాపకం మీకు నచ్చినట్టే చెబుతుంది.

బీడుచేను · అక్టోబర్ 27

చాలామంది విడివిడిగా అడుగుతున్నారు, అందుకని ఇక్కడే రాస్తున్నా. ఈ ఏడు వాన పర్వాలేదు.

కంచె ముక్కలో గడ్డి వచ్చింది, బాగానే ఉంది, వయ్యారిభామ కూడా వచ్చింది. పదిలో నాలుగు గళ్ళలో అదే ఎక్కువ. పీకుతున్నాం, చేతులు దురద. మధ్య ముక్కలో గడ్డి పొట్టి, వయ్యారిభామ అంతే ఉంది, జీవాలు దాన్ని ముట్టలేదు. మందగాడు గారి మాట మాత్రం కళ్ళారా చూసినా. ఎక్కడో తిని వచ్చిన రేగుగింజలు దొడ్డి మాదిరి ఒకేచోట కుప్పగా పడి మొలిచినాయి. పక్కన తంగేడు లేదు కాబట్టి నిలుస్తాయో లేదో తెలీదు, నాలుగు తంగేడు మొక్కలు తెచ్చి నాటినా. కంప మొలకలు రెండు ముక్కల్లోనూ లెక్కలేనన్ని. మూడు దఫాలు పీకినాం. అమ్మ కూడా పీకింది.

గళ్ళ లెక్కలు మొత్తం కాగితం మీద ఉన్నాయి, లెక్కలోడు గారూ, పంపుతా.

కౌజు పిట్ట ఆదివారం పొద్దున్నే అరిచింది. రెండు అరిచినాయి. ఎక్కడి నుంచంటే అన్న నన్ను ఇప్పటికీ ఎగతాళి చేస్తున్న వంక పక్క కంప ముక్కలో నుంచి. మేత మాత్రం మధ్య ముక్కలోకి వచ్చి తింటున్నాయి, అడుగులు కనపడినాయి.

పాలపిట్ట · అక్టోబర్ 27

పిల్లలున్నయా? ఇది పిల్లల కాలం కాదు గానీ వానలు మంచిగ పడితె కొన్ని పెడతయి. కంప లోపటికి దూరకుండ్రి, గట్టు మీద కూసొని చూడుండ్రి. ఇంకొకటి, వచ్చే ఎండాకాలం ఆ మూడో ముక్క కూడా తీయాలని మీ అన్న అంటే నాకు ముందుగాల చెప్పుండ్రి, నేను బస్సెక్కి వస్త.

బొగ్గుబట్టీ · అక్టోబర్ 28

నాక్కూడా చెప్పండి. బట్టీ ఖాళీగా ఉండాది.